ఇంటి మగ్గం, పుస్తకంలో లేని పేర్లు



1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలోకి పోయినాయి. మన సిరుగుప్ప బళ్ళారితో పాటు మైసూరు రాష్ట్రంలో చేరింది. రాష్ట్రాలు వేరైనా ఇంట్లో మగ్గం గుంత మాత్రం కదల్లేదు.

ఆ ఏడే కేంద్ర సర్కారు మిల్లు బట్ట మీద అదనపు సుంకం వేసి, ఆ సొమ్ము ఖాదీకి, చేనేతకు కేటాయించింది. 1985లో కొన్ని రకాల బట్టలు చేమగ్గం మీదనే నేయాలని చట్టం చేసింది. ఈ ఆసరాలు లేకుంటే ఇంకెన్నో మగ్గాలు అటక ఎక్కేవి.

అయితే మా సొసైటీ పుస్తకంలో మగ్గం ముందర కూర్చున్నోడి పేరే రాసుకుంటూ వచ్చినాము. ఒక నేతగాడు కాలం చేసినాక ఆయన భార్య వచ్చి తన పేరున ఏమన్నా ఉందా అని అడిగింది. ముప్పై ఏండ్లు కండెలు చుట్టి, ఆసు పోసిన మనిషి. పుస్తకమంతా తిరగేసినాము, ఆమె పేరు ఎక్కడా లేదు. తల వంచుకున్నాము.

2019-20 చేనేత గణనలో దేశమంతా నేత, అనుబంధ పనివాళ్ళు 35.22 లక్షల మంది. అందులో నూటికి 72 మంది ఆడవాళ్ళే. సర్కారు లెక్కించింది, మనమే లెక్కించలేదు. ఒక చీర కూలిలో ఇంటిల్లిపాది చెమట ఉంది.

అందుకే కార్యదర్శులందరికీ మా మనవి: ఈ ఏడు ఇంటి ఆడవాళ్ళ పేర్లు సభ్యత్వంలో ఎక్కిద్దాం.