ఆవిడకి వంటిల్లు కావాలిట!

మా అక్క ఒహాయో నుంచి ఫోను చేసి, "ఇంకో ఇల్లు కొన్నామే!" అంది. ఉన్న ఇల్లే ఊడవలేక చస్తున్నానని అంతకు వారం కిందటే వాపోయిన మనిషి. "ఎక్కడా?" అన్నాను. "ఎక్కడని చెప్పనూ? ఇవాళ మా వాకిట్లో ఉంది. వచ్చే వారం ఏ చెరువుగట్టునో ఉంటుంది," అంది.

తీరా చూస్తే అది ట్రెయిలరు. బండి వెనక తగిలించుకుని లాక్కుపోయే ఇల్లన్నమాట. కిందటేడు నేను వెళ్ళినప్పుడు అందులో అయిదు రోజులు కాపరం చేశాను. రెండు పడకలు, పొయ్యి, కుళాయి, ఓ చిన్న బీరువా, ఓ మూల తలుపేసుకునే గది. దాని గురించి మాట్లాడుతున్నంతసేపూ మా బావగారి నోట "స్వేచ్ఛ" అన్న మాట తప్ప మరోటి రాదు. మా అక్క నోట మాత్రం "గిన్నెలెక్కడ కడగనూ?" అన్న ప్రశ్న తప్ప మరోటి రాదు. ఈ రెండు మాటల నడుమ 140 ఏళ్ళ చరిత్ర ఉందని ఆ తరవాత పుస్తకాలు తిరగేస్తే తెలిసింది.

గూడుబండి మనకి కొత్తేమీ కాదు. తిరణాలకి వెళ్ళాలంటే మన ముత్తవ్వలు అందులోనే గడ్డి పరుచుకుని, చిక్కంలో చద్దిమూట వేలాడదీసుకుని వెళ్ళేవారు. అయితే అది అవసరం. పని లేకపోయినా, కేవలం సరదా కోసం చక్రాల మీద ఇల్లు కట్టించుకున్న మొదటివాళ్ళలో బాగా పేరు మోసినవాడు విలియం గోర్డన్ స్టేబుల్స్. స్కాట్లండు మనిషి. నౌకాదళంలో డాక్టరుగా చేసి వచ్చేసి, పిల్లలకి సాహస కథలు రాసుకుంటూ ఉండేవాడు. ఆయన 1885లో బ్రిస్టల్‌లోని ఓ బండ్ల కంపెనీ చేత ఒక బండి చేయించాడు. పేరు 'వాండరర్', అంటే దేశదిమ్మరి. బరువు సుమారు రెండు టన్నులు. లాగడానికి రెండు గుర్రాలు. తోలడానికి ఒక బండివాడు. ఎదురొచ్చే బండ్లని హెచ్చరిస్తూ ముందు మూడుచక్రాల సైకిలు మీద వెళ్ళడానికి ఒక నౌకరు. ఇహ ఒక కుక్క, ఒక చిలక! ఈ పరివారంతో ఇంగ్లండు దక్షిణం నుంచి ఇన్వర్నెస్ దాకా 1,300 మైళ్ళు తిరిగి, మరుసటేడు పుస్తకం రాశాడు. దాంతో దొరలందరికీ ఈ పిచ్చి పట్టుకుంది. 1907 నాటికి వాళ్ళకో క్లబ్బు కూడా వచ్చింది. చెప్పగానే పని అందుకునే మనుషులు ఇద్దరు వెంట ఉన్నాక ఎవరికైనా స్వేచ్ఛగానే ఉంటుంది మరి!

ఇక్కడో మాట చెప్పకుండా ఉండలేను. ఆ దొర మోజుపడ్డ గూడుబండి, తరతరాలుగా రోమా సంచార జాతుల వాళ్ళ ఇల్లు. దొర తిరిగితే విహారం, వాళ్ళు తిరిగితే నేరం. సరిగ్గా ఆ రోజుల్లోనే వాళ్ళ బండ్లన్నిటికీ రిజిస్ట్రేషను పెట్టాలని లండన్ పార్లమెంటులో బిల్లు మీద బిల్లు పెట్టారు. అవి నెగ్గలేదు. మన దేశంలో మాత్రం 1871లోనే చట్టం చేసి, ఆ తరవాత తరవాత ఎరుకల వంటి కులాలకి కులాలనే నేరస్తుల జాబితాలో చేర్చేశారు.

అమెరికాకి వద్దాం. అక్కడ గుర్రం పోయి కారు వచ్చింది. 1919లో ఫ్లారిడాలోని టాంపాలో కారు యాత్రికులు కొందరు సంఘం పెట్టుకుని 'టిన్ కాన్ టూరిస్టులు' అని పేరు పెట్టుకున్నారు. కారు ముందు రేడియేటరు మూతకి ఓ ఖాళీ డబ్బా అతికించుకోవడం వాళ్ళ గుర్తు. గుడారం వేసుకోవడం, డబ్బాల్లో తిండి వేడిచేసుకు తినడం, నేల మీద పడుకోవడం. మొగాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి చెప్పండి?

ఆ కాలంలోనే లాస్‌ఏంజెల్స్‌లో వాలీ బయమ్ అనే ఆయన ఉండేవాడు. పత్రికలు నడిపేవాడు. ఆయనకీ గుడారం పిచ్చి ఉంది. ఆయన భార్య మేరియన్ మాత్రం, వంటిల్లు లేకపోతే నేను రానని కూచుంది. ఎంత న్యాయమైన మాట! వాన చినుకు పడితే ఆరిపోయే పొయ్యి ముందు గొంతుక్కూచుని ఊదేది ఎవరు? ఆయన ఒక పాత ఫోర్డు కారు చట్రం మీద గుడారం బిగించి తెచ్చాడు. అదీ బాగాలేదు. చివరికి కన్నీటి బొట్టు ఆకారంలో గట్టి గూడు కట్టి, అందులో కిరసనాయిలు స్టవ్వూ, ఐసుపెట్టే అమర్చాడు. దారిన పోయేవాళ్ళంతా ఆగి చూడ్డం మొదలెట్టారు. అదెలా చెయ్యాలో పత్రికలో వ్యాసం రాశాడు, నమూనా కాగితాలు అమ్మాడు, ఆఖరికి 1931లో కంపెనీయే పెట్టేశాడు. అదే ఎయిర్‌స్ట్రీమ్. 1936లో విమానం లాగా మెరిసే అల్యూమినియం రేకుల్ని మేకులతో బిగించి 'క్లిప్పర్' అనే బండి తెచ్చాడు. నలుగురు పడుకోవచ్చు. నీళ్ళ తొట్టి ఉంది, విద్యుద్దీపాలున్నాయి. వెల 1,200 డాలర్లు. ఆ కరువు రోజుల్లో అది చిన్న మొత్తమేమీ కాదు.

ఈ కథ చెప్పేటప్పుడు అందరూ బయమ్ ప్రతిభ గురించి పేజీలకి పేజీలు రాస్తారు. మేరియన్‌కి ఒక్క వాక్యం, అదీ నవ్వులాటకి. ఆవిడ ఆ మొండితనం పట్టకపోతే ఆయన జన్మంతా గుడారం మేకులు కొట్టుకుంటూనే ఉండేవాడని నా అనుమానం.

యుద్ధం వచ్చి అల్యూమినియం అంతా విమానాలకి పోవడంతో ట్రెయిలర్లు ఆగిపోయాయి. యుద్ధమయ్యాక మళ్ళీ మొదలెట్టి, తన బండి ఎంత తేలికో చూపించడానికి 1947లో ఫ్రెంచి సైకిలు వీరుడు లెతూర్నేర్ చేత దాన్ని సైకిలుతో లాగించాడు బయమ్. ఆ ఫొటో చాలా ప్రసిద్ధం. అయితే ఒక్కటి గమనించారా? ఆ బండి ఖాళీది. అందులో పప్పు డబ్బా లేదు, పచ్చడి జాడీ లేదు, తడి తువ్వాలు లేదు!

నిండు బండి సంగతి తెలియాలంటే 1954లో వచ్చిన 'ద లాంగ్, లాంగ్ ట్రెయిలర్' సినిమా చూడాలి. లూసిల్ బాల్, డెసీ ఆర్నెజ్ (నిజ జీవితంలోనూ మొగుడూపెళ్ళాలే) కొత్త దంపతులుగా వేశారు. ఆయన కారు నడుపుతుంటే ఆవిడ వెనక ట్రెయిలర్లో వంట మొదలెడుతుంది. బండి ఊగిన ప్రతిసారీ గిన్నెలు ఓ మూల, పిండి ఓ మూల, ఆవిడ ఓ మూల! మనకి పొట్ట చెక్కలవుతుంది, కాసేపటికి ఏడుపూ వస్తుంది. వెళ్ళిన ప్రతి ఊరినుంచీ గుర్తుగా ఒక్కో రాయి ఏరి తెచ్చుకుంటుంది పాపం ఆ పిల్ల. కొండ ఎక్కాలి, రాళ్ళు పారెయ్యమంటాడు మొగుడు. పారేసినట్టే చెప్పి బండిలో దాచేస్తుంది. ఆ తరవాత కొండదారిలో ఏం జరిగిందో ఊహించుకోండి.

నవ్వులాట కాదు గానీ, బరువే ఈ బండ్ల ప్రాణం. మా బావగారు పికప్ ట్రక్కు కొన్నది కూడా అందుకే. మామూలు కారు లాగగలదేమో గానీ ఆపలేదుట. ట్రెయిలరు మొత్తం బరువులో నూటికి పది నుంచి పదిహేను వంతులు ముందు కొక్కెం మీద పడాలి. వెనక బరువెక్కువైతే వేగంలో తోక ఊపినట్టు ఊగి, ముందు బండిని కూడా ఈడ్చి పడేస్తుంది. ఇది చెప్పడానికి ఆయన కాగితం మీద బొమ్మలు గీశారు. నాకు మా తాతయ్య గుర్తొచ్చాడు. ధాన్యం బస్తాలు వేయించేటప్పుడు, "వెనక్కి వెయ్యకండ్రా, కాడి పైకి లేస్తే ఎద్దు మెడ బిగుసుకుపోతుంది," అని అరిచేవాడు. ఈ రోజుల్లో కరెంటు ట్రక్కులొచ్చాయి. ట్రెయిలరు తగిలిస్తే అవి ఒక ఛార్జికి మామూలుగా వెళ్ళే దూరంలో ఇంచుమించు సగానికే అలసిపోతాయి. ఎద్దయినా ఎలక్ట్రిసిటీ అయినా బరువు బరువే.

ఇహ ఆ మూల గది సంగతి. మా అమ్మ తిరుపతి ప్రయాణమంటే ముందురోజు సాయంత్రం నుంచే మంచినీళ్ళు మానేసేది. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు. బస్సు ఆగిన చోటల్లా మొగాళ్ళు దిగి చెట్టు చాటుకి వెళ్ళొచ్చి సోడా తాగుతూ ఉంటే, ఆడవాళ్ళు పెదాలు ఎండగట్టుకుని కూచునేవారు. మా అమ్మ ఒక్కతే అనుకున్నాను ఇన్నాళ్ళూ. కానీ మా అక్క చెప్పిందిగదా, "ఈ దేశంలో కూడా పొడుగు దారుల్లో నేను నీళ్ళు తాగనే. ఈ బండి వచ్చాకే సీసా ఖాళీ చేస్తున్నాను," అని. స్వేచ్ఛ అంటే ఏమిటో నాకు అప్పుడు కొంచెం అర్థమయింది.

బయమ్ 1957లో నీళ్ళూ, దీపాలూ, మరుగుదొడ్డీ అన్నీ సొంతంగా మోసుకుపోయే బండి తెచ్చాడు. అందులో మురికంతా అడుగున తొట్టిలో చేరుతుంది. నిండగానే దానికోసం ఏర్పాటైన చోటుకి తీసుకెళ్ళి, లావుపాటి గొట్టం తగిలించి వదలాలి. ఇప్పుడు చాలామంది అది విసుగెత్తి కంపోస్టు మరుగుదొడ్డి పెట్టించుకుంటున్నారు. కొత్త సంగతనుకునేరు! ఇంగ్లండులో హెన్రీ మౌల్ అనే ఫాదరీ, 1854 కలరా రోజుల్లో జబ్బువాళ్ళకి సేవ చేసినవాడు, ఎండుమట్టి కప్పితే దుర్గంధం పోతుందని గమనించి, 1860లో మట్టి మరుగుదొడ్డికి పేటెంటు తీసుకున్నాడు. తెల్లదొరలు దాన్ని మన దేశంలో జైళ్ళలోనూ, పటాలాల్లోనూ పెట్టారు. సిద్ధాంతం ఫాదరీది. రోజూ ఎత్తి నెత్తిన మొయ్యడం మాత్రం పాకీపనివారి వంతయింది. ఆ పనిని నిషేధిస్తూ మనం 1993లో ఒకసారీ, 2013లో మరోసారీ చట్టం చెయ్యవలసి వచ్చింది.

ట్రెయిలర్లో ఉన్నదాంట్లో మూత్రం విడిగా ముందు సీసాలోకి పోతుంది. తడి కలవకపోవడమే దాని రహస్యం. వెనక డబ్బాలో తడిపిన కొబ్బరి పొట్టు ఉంటుంది. అది ఇటికల్లాగా అదిమి అమ్ముతారు. ఎక్కువగా మన దేశం నుంచీ, సింహళం నుంచీ వెళుతుందిట. వాడినప్పుడల్లా పక్కనున్న పిడి తిప్పి కలిపెయ్యాలి. చిన్న పంకా ఒకటి రాత్రీపగలూ తిరుగుతూ గాలిని బయటికి లాగుతుంది. పేరుకి కంపోస్టే గానీ కొద్ది వారాల్లో ఎరువైపోదు. ఎండి వాసన తగ్గుతుందంతే. అయినా అందులో నాకు నచ్చింది మరొకటి. దాన్ని ఖాళీ చెయ్యడానికి మూడో మనిషి లేడు. ఇంట్లో చెత్తబుట్ట బయట పెట్టమంటే పదిసార్లు చెప్పించుకునే మా బావగారు, చేతులకి తొడుగులు వేసుకుని, మారుమాట్లాడకుండా ఆ డబ్బా పట్టుకెళ్ళడం నేను కళ్ళారా చూశాను.

అన్నట్టు, ఈ చక్రాల ఇళ్ళల్లో అన్నిటికంటే ప్రసిద్ధమైన కాపరం 1969లో జరిగింది. చంద్రుడి మీదనుంచి దిగొచ్చిన ముగ్గురినీ, అక్కడి సూక్ష్మక్రిములేమైనా అంటుకున్నాయేమోనని భయపడి, మార్చి తయారుచేసిన ఎయిర్‌స్ట్రీమ్ ట్రెయిలర్లో పెట్టి తలుపేశారు. తోడు ఒక డాక్టరు, ఒక ఇంజనీరు. జులై 24న ఓడ మీద ప్రెసిడెంటు నిక్సన్ కిటికీ బయటినుంచే అభినందించాడు. మూడు రోజుల తరవాత హ్యూస్టన్ చేరితే, భార్యలు ముగ్గురూ వచ్చి కిటికీ అద్దం ఇవతల నిలబడి మాట్లాడారు. చంద్రుణ్ణి తాకొచ్చిన చెయ్యి పెళ్ళాం చేతిని తాకడానికి మధ్య ఆ అద్దం అడ్డం! కథ రాయమంటే నేను ఆ ముగ్గురాడవాళ్ళ వైపునుంచే రాస్తాను.

బ్యాటరీల గురించి నాకు పెద్దగా తెలియదని మా అక్క చేత నేర్చుకున్నాను. ఫ్రెంచివాడు ప్లాంటే 1859లో సీసంతో చేసిందే ఇన్నేళ్ళూ అన్ని బండ్లలోనూ ఉండేది. సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తగ్గిపోతుంది. వంద ఆంపియర్-అవర్లది ముప్ఫై కిలోల దాకా తూగుతుంది. ఇప్పుడు లిథియం, ఇనుము, ఫాస్ఫేటు కలిపిన రకం వచ్చింది. దాదాపు మొత్తం వాడుకోవచ్చు, బరువు అందులో సగం కూడా ఉండదు. దీని మూల పరిశోధన 1997లో టెక్సాస్ విశ్వవిద్యాలయం నుంచి పాఢి, నంజుండస్వామి, గుడినఫ్ ముగ్గురి పేరుతో వచ్చింది. ఒక్కటే చిక్కు, నీళ్ళు గడ్డకట్టే చలిలో దాన్ని ఛార్జి చెయ్యకూడదు. మా అక్కకి ఇవన్నీ కంఠోపాఠం. "అరగంట కుక్కర్లో అన్నానికి 350 వాట్-అవర్లు. అయిదు నిమిషాల మిక్సీ పచ్చడికి 60. హీటరు గంట వేశావంటే బ్యాటరీ గోవిందా!" అంటుంది. పాలవాడి లెక్క రాసుకునే మా అమ్మ చేతివాటమే అది.

2021లో, కరోనాకి హోటళ్ళంటే భయపడిన రోజుల్లో, అమెరికా కర్మాగారాలనుంచి ఇలాంటి బండ్లు, ఇంజను ఉన్నవీ లేనివీ కలిపి, 6 లక్షలు బయటికొచ్చాయి. అందులో ఎన్నిటి వెనక ఓ మేరియన్ ఉందో ఎవరూ లెక్క పెట్టలేదు.

మేం తిరిగొచ్చేరోజున బావగారు దార్లో లారీల తూకం దగ్గర బండి ఆపారు. చీటీ చూసుకుని కనుబొమలు ముడిచారు. "లెక్క ప్రకారం రావలసినదానికంటే పదిహేను కిలోలు ఎక్కువుందే! నీళ్ళు కూడా పారబోశాం. ఎక్కడిదబ్బా?" అని బండి చుట్టూ తిరిగారు.

మంచం కింద, పాత దుప్పట్లో చుట్టిన చిన్న రాతి రోలు ఉంది. బెజవాడనుంచి తెచ్చుకున్నది. మిక్సీలో గోంగూర పచ్చడి జిగురొస్తుందిట. అక్క నావైపు చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

"ముందువైపే పెట్టాన్లే," అంది నా చెవిలో.