తంగేడు చెక్క నుంచి క్రోమియం దాకా



కర్ణాటకలోని నంది కొండల ప్రాంతంలో పుట్టి, కుప్పం మీదుగా తమిళనాడులోకి దిగే పాలారు మనకు కొత్త కాదు. ఆ నది ఒడ్డున వాణియంబాడి, ఆంబూరు, రాణిపేటలు తోళ్లకు పేరుపడ్డ ఊళ్లు. పూర్వం తోళ్లను పదును చేయడానికి తంగేడు చెక్క, కరక్కాయ వాడేవారు. మన పూల పండుగల తంగేడే! చెక్కలోని టానిన్ తోలును కుళ్లనివ్వదు. కాని వారాల తరబడి గుంటల్లో నానాలి. క్రోమియం లవణాలు ఆ పనిని ఒకటి రెండు రోజుల్లో ముగిస్తాయి. 1970లలో కేంద్ర ప్రభుత్వం సగం తయారైన తోళ్ల ఎగుమతిని అదుపుచేసి, పూర్తిగా తయారైన తోలును ప్రోత్సహించాక క్రోమియం వాడకం బాగా పెరిగింది. డాలర్లు వచ్చాయి. మురుగు పాలారులోకీ, పక్క పొలాల బావుల్లోకీ చేరింది.

1991లో వేలూరు పౌరుల సంఘమొకటి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1996 ఆగస్టు 28న తీర్పు వచ్చింది. తోళ్ల కర్మాగారాల ప్రాంతంలో 35,000 హెక్టార్లు కొంతగానో పూర్తిగానో సాగుకు పనికిరాకుండా పోయాయన్న సర్వేను కోర్టు అందులో పేర్కొన్నది. సుస్థిరాభివృద్ధి అన్న మాటకు మన న్యాయశాస్త్రంలో గట్టి చోటు దొరికింది ఆ తీర్పుతోనే. కాలుష్యం చేసినవారే నష్టం భరించాలన్నది. కర్మాగారానికి 10,000 రూపాయల చొప్పున జరిమానా వేసింది.

1991 నవంబరులోనే ఎం.సి. మెహతా కేసులో పర్యావరణాన్ని బడుల్లో తప్పనిసరి పాఠ్యాంశం చేయాలని కోర్టు చెప్పింది. ఆకాశవాణికీ ఆ బాధ్యతలో వాటా ఇచ్చింది. సరే, చెప్పే పంతులును తయారు చేసేదెవరు?

నేను బి.ఇడి. చేసేటప్పుడు క్రోమియం మీద పాఠ్యపథకం రాశాను. డైక్రోమేట్ నారింజ రంగు, క్రోమిక్ లవణం ఆకుపచ్చ, ఆక్సీకరణ స్థితులు ఆరు, మూడు. మార్కులు బాగానే పడ్డాయి. పాలారు పేరు అందులో లేదు, పరిశీలకులూ అడగలేదు.

ఛాత్రోపాధ్యాయుల చేత రెండు బావుల నీళ్లు తెప్పించాలి, ఒకటి తోళ్ల కర్మాగారం పక్కది, ఒకటి దూరానిది. పలచని నైట్రిక్ ఆమ్లం, ఆపై సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేయించాలి. ఉప్పు ఎక్కువున్న నీటిలో పెరుగు తరకల్లాంటి తెల్లని అవక్షేపం దిగుతుంది. పచ్చితోళ్లు చెడకుండా పట్టించిన ఉప్పే కడుగునీళ్లతో అక్కడికి చేరుతుంది. అప్పుడు రైతుబిడ్డ అడుగుతాడు: “మా బావి మళ్లీ మంచిదవుతుందా సార్?” క్రోమియాన్ని సున్నంతో మడ్డిగా దింపవచ్చు. ఉప్పు అలా దిగదు, నీటిలోనే కరిగి ఉంటుంది. ఆ జవాబు చెప్పగల గురువును శిక్షణ కళాశాలే పంపాలి.