మానసిక వైద్యంలో జాతి వివక్ష, ట్రాన్స్ వ్యతిరేకత

మానసిక వైద్యంలో జాతి వివక్ష అంటే రోగి ఒంటి రంగును, పుట్టుకను బట్టి లేని జబ్బును అంటగట్టడం, ఉన్న బాధను పట్టించుకోకపోవడం. పుట్టినప్పుడు రాసిన లింగానికి భిన్నంగా బతికేవారిని ఆ ఒక్క కారణంతోనే రోగులుగా లెక్కగట్టడం ట్రాన్స్ వ్యతిరేకత. రెండింటి చరిత్రా చాలావరకు జబ్బులకు పెట్టిన పేర్ల చరిత్రే. ఆ పేర్లు పెట్టినవారు వైద్యులు. వాటిని తీసేయించడానికి పోరాడింది ఎక్కువగా రోగులూ, ఆ వర్గాల నుంచే వచ్చిన వైద్యులూ.

అమెరికాలో 1840 జనాభా లెక్కల ప్రకారం, స్వేచ్ఛగా బతుకుతున్న నల్లవారిలో మతిస్థిమితం లేనివారు బానిసలలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మసాచుసెట్స్ వైద్యుడు ఎడ్వర్డ్ జార్విస్ ఆ పట్టికలను ఊరూరికీ సరిచూశాడు. నల్లవారు ఒక్కరూ లేని ఊళ్లలో కూడా 'నల్ల పిచ్చివాళ్లు' నమోదై ఉన్నారు. వూస్టర్ పట్టణంలో అలా లెక్కకెక్కిన 133 మంది నిజానికి అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలోని తెల్ల రోగులు. గడి మారి నల్లవారి వరుసలో పడ్డారు. న్యూయార్క్‌లోని నల్లజాతి వైద్యుడు జేమ్స్ మెక్యూన్ స్మిత్ కూడా ఈ అంకెలను ఖండించాడు. అయినా 1844లో విదేశాంగ మంత్రి జాన్ కాల్హూన్ బానిసత్వమే నల్లవారికి మేలని వాదించడానికి వాటినే చూపించాడు. పట్టికను మాత్రం ఎన్నడూ సరిదిద్దలేదు.

1851లో లూసియానా వైద్యుడు శామ్యూల్ కార్ట్‌రైట్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. యజమాని దగ్గర నుంచి పారిపోవాలనుకోవడం ఒక జబ్బని, దాని పేరు 'డ్రాపెటోమేనియా' అని రాశాడు. పారిపోయే ముందు బానిస ముభావంగా, అసంతృప్తిగా ఉంటాడట. ఆ దశలోనే కొరడాతో కొడితే జబ్బు కుదురుతుందట. ఇప్పుడిది వెటకారంలా వినిపిస్తుంది కానీ, అచ్చయింది వైద్య పత్రికలో.

బానిసత్వం పోయాక వివక్ష ఆసుపత్రి గోడల్లోకి చేరింది. 1870లో వర్జీనియా నల్లవారి కోసం విడిగా పిచ్చాసుపత్రి పెట్టింది. మేరీలాండ్ 1911లో క్రౌన్స్‌విల్‌లో మరొకటి పెట్టింది. క్రౌన్స్‌విల్ భవనాలు కట్టడానికి తెచ్చింది రోగులనే. ముందు తమ ఆసుపత్రిని తామే కట్టుకుని తర్వాత అందులో ఉన్నారు. ఇలాంటి విభజన మన దేశంలోనూ నడిచింది. 1918లో రాంచీలో తెరిచిన మానసిక వైద్యశాల యూరోపియన్ల కోసం. భారతీయుల ఆసుపత్రి అదే ఊళ్లో 1925లో వేరుగా వచ్చింది.

నల్లవారు వైద్యం కోసం సొంత దారి వెతుక్కున్నది న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో. 1946లో వైద్యుడు ఫ్రెడరిక్ వెర్థమ్, రచయిత రిచర్డ్ రైట్ తదితరులు ఒక చర్చి నేలమాళిగలో లఫార్గ్ క్లినిక్ తెరిచారు. ఫీజు పావు డాలరు. డబ్బు లేకపోయినా చూసేవారు. 1958లో మూతపడేదాకా అది జాతుల వేర్పాటు వల్ల మనసుకు తగిలే గాయాన్ని వైద్య సమస్యగా చూసింది.

1960లలో జబ్బు పేర్లు మరోసారి రాజకీయం అయ్యాయి. అంతకుముందు అమెరికాలో స్కిజోఫ్రీనియా అంటే ఎక్కువగా తెల్ల గృహిణుల జబ్బుగా చూసేవారు. పౌరహక్కుల ఉద్యమం ఉధృతమయ్యేసరికి అది కోపంగా ఉన్న నల్ల మగవాడి జబ్బుగా మారింది. 1968లో ఇద్దరు వైద్యులు 'నిరసన ఉన్మాదం' అనే పేరే ప్రతిపాదించారు. 1974లో ఒక మానసిక వైద్య పత్రికలో హాలోపెరిడాల్ మందు ప్రకటనలో పిడికిలి బిగించిన నల్లజాతి మనిషి బొమ్మ వేశారు. మిషిగన్‌లోని అయోనియా ఆసుపత్రి రికార్డులు తిరగేసి మనోరోగ వైద్యుడు జోనథన్ మెట్జల్ ఈ మార్పును 2010లో పుస్తకంగా రాశారు.

1969లో మయామీలో జరిగిన అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ సమావేశంలో నల్లజాతి మనోరోగ వైద్యులు నాయకత్వాన్ని నిలదీశారు. 'బ్లాక్ సైకియాట్రిస్ట్స్ ఆఫ్ అమెరికా' సంఘం అప్పుడే పుట్టింది. దాని తొలి అధ్యక్షుడు చెస్టర్ పియర్స్. రోజూ ఎదురయ్యే చిన్న చిన్న అవమానాలకు ఆయన పెట్టిన 'మైక్రోఅగ్రెషన్' అనే పేరు ఇప్పుడు అందరి నోటా నలుగుతోంది. జబ్బు పేరు కాదది, జబ్బు తెచ్చే ప్రవర్తనకు పేరు. ఈ చరిత్రలో అలాంటి పేర్లు అరుదు.

ట్రాన్స్ వ్యక్తుల విషయంలో కథ మరోలా సాగింది. అమెరికా మానసిక రోగాల పట్టిక మొదటి కూర్పులో (1952) స్త్రీ దుస్తులు వేసుకునే పురుషులను లైంగిక వక్రతల జాబితాలో చేర్చారు. 1980లో 'ట్రాన్స్‌సెక్సువలిజం', 1994లో 'లింగ గుర్తింపు రుగ్మత' వచ్చాయి. శస్త్రచికిత్స కావాలంటే వైద్యుల నుంచి ఉత్తరాలు తేవాలని 1979 నాటి చికిత్సా ప్రమాణాలు నిర్దేశించాయి. కోరుకున్న లింగంలో కొంతకాలం బతికి చూపించాలి కూడా. దీంతో చికిత్స గది పరీక్ష గదిగా మారింది. వైద్యులు తమ పుస్తకాల్లోని లక్షణాలన్నీ వచ్చినవారిలో అచ్చంగా కనబడుతున్నాయని సంబరపడ్డారు. వచ్చినవారూ ఆ పుస్తకాలే చదువుకుని వచ్చారని ట్రాన్స్ రచయిత్రి శాండీ స్టోన్ తన ప్రసిద్ధ వ్యాసంలో ఎత్తిచూపారు. తలుపు దగ్గర కాపలా ఉన్నంతకాలం నిజం చెప్పినవాడికంటే తగిన జవాబు చెప్పినవాడికే దారి దొరికేది. నల్లజాతి ట్రాన్స్ వ్యక్తికైతే కాపలాలు రెండు.

2013లో వచ్చిన అమెరికా పట్టిక అయిదో కూర్పు 'రుగ్మత' అనే మాట తీసేసి 'జెండర్ డిస్ఫోరియా' అన్నది. గుర్తింపు కాదు, దానివల్ల కలిగే వేదనే చికిత్స చేయాల్సిందని దాని భావం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చిన అంతర్జాతీయ రోగాల పట్టిక ఐసీడీ-11 ఈ అంశాన్ని మానసిక రోగాల అధ్యాయం నుంచే తప్పించి, లైంగిక ఆరోగ్యం కిందికి మార్చింది. పూర్తిగా తొలగించకపోవడానికి కారణం ఉంది: కోడ్ లేకపోతే బీమా డబ్బు ఇవ్వదు, ఆసుపత్రి హార్మోన్లు రాయదు. ఈ విషయంలో ట్రాన్స్ సమాజంలోనే రెండు అభిప్రాయాలు ఉన్నాయి.

బ్రిటన్‌లో జాతి వివక్షపై చర్చను మలుపు తిప్పింది ఒక చావు. డేవిడ్ బెన్నెట్ అనే నల్లజాతి రోగి తమలాంటివారు సిబ్బందిలో ఒక్కరూ లేరని 1993లో ఆసుపత్రికి ఉత్తరం రాశాడు. 1998 అక్టోబరులో నారిచ్‌లోని ఒక క్లినిక్‌లో మరో రోగి జాతి పేరుతో తిట్టాక గొడవ జరిగింది. వేరే వార్డుకు మార్చింది బెన్నెట్‌నే. అక్కడ అతను నర్సుపై చేయి చేసుకోవడంతో సిబ్బంది సుమారు 25 నిమిషాలు బోర్లా పడేసి అదిమిపట్టారు. అతను చనిపోయాడు. విచారణ సంఘం 2004లో వెలువడిన నివేదికలో, సంస్థాగత జాతి వివక్ష ఉందని తేల్చి, రోగిని బోర్లా పడేసి 3 నిమిషాలకు మించి పట్టుకోరాదని సూచించింది.

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2021 జనవరిలో తన వివక్ష చరిత్రకు బహిరంగంగా క్షమాపణ చెప్పింది. కార్ట్‌రైట్ రాతకు అప్పటికి 170 ఏళ్లు.

భారతదేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం జాతి, మతం, సాంఘిక హోదాలను బట్టి ఒకరిని మానసిక రోగిగా నిర్ణయించరాదని చెబుతుంది. సమాజం నీతులకు, విలువలకు ఒదగకపోవడం కూడా రోగ నిర్ధారణకు ఆధారం కాకూడదు. కులం, లింగం, లైంగికత కారణంగా వైద్యం నిరాకరించరాదు. వైద్యం వెలుపల, హిజ్రాల పేర్లు పోలీసు రిజిస్టరులోకి ఎక్కించి, స్త్రీ వేషంలో కనబడితే వారెంటు లేకుండా అరెస్టు చేయనిచ్చిన నిజాం కాలపు 1919 చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టివేసింది. అంతకుముందు 2021లో మద్రాసు హైకోర్టు లైంగికతను, లింగ గుర్తింపును మార్చజూసే 'మార్పు చికిత్స'ను నిషేధించాలని ఆదేశించగా, జాతీయ వైద్య కమిషన్ 2022లో దాన్ని వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. పిల్లవాణ్ని 'మామూలుగా మారుస్తాం' అని వైద్యుడు ఎవరైనా చెబితే, ఆ వైద్యుడిపై రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు చేయవచ్చు.