తక్షీఫ్ నుంచి సితారాల దాకా: ఎడారిలో మదద్ పిలిచే హునర్

1352లో ఇబ్నె బతూతా ఒక కాఫిలాతో కలిసి సహారా దాటడానికి బయల్దేరాడు. ఉప్పు గనుల ఊరు తఘాజా దాటాక, తాసరహ్లా అనే నీళ్ల మజిలీ దగ్గర కాఫిలా ఆగింది. అక్కడి నుంచి వలాతా పట్టణం దాకా ముందున్నదంతా ఇసుకే. అందుకే అక్కడ ఒక దస్తూర్ ఉండేది. మస్సూఫా తెగ మనిషినొకడిని కిరాయికి మాట్లాడుకుని, చేతికి ఖత్‌లు ఇచ్చి ముందుగా వలాతాకు పంపేవాళ్లు. అతన్నే తక్షీఫ్ అనేవాళ్లు. ఖత్ అందగానే వలాతాలోని దోస్తులు నీళ్లు తీసుకుని నాలుగు రాత్రుల ప్రయాణమంత దూరం ఎదురొచ్చేవాళ్లు. ఆ ఊళ్లో ఎరిగినవాళ్లు లేని ముసాఫిర్, మంచివాడని పేరున్న ఒక తాజిర్‌కు రాసి పంపేవాడు. తక్షీఫ్ దారిలోనే చనిపోతే వలాతాకు ఖబర్ ఉండదు, కాఫిలాలో చాలామంది జాన్‌లు పోయేవి. ఆ సఫర్‌లో తక్షీఫ్ కిరాయి 100 మిస్ఖాళ్ల బంగారం. ఇప్పటి లెక్కలో 400 గ్రాములు దాటుతుంది.

అంత బంగారం ఎందుకు పోశారంటే, రెండు పనుల కోసం. ఒకటి, ఖబర్ చేరాలి. రెండు, చేరినచోట కదిలే మనిషి ఉండాలి. ఈ రెండిట్లో ఏది లేకపోయినా మదద్ రాదు. తర్వాతి తారీఖ్ అంతా ఈ రెంటినీ సాధించడానికి చేసిన కోషిషే.

1972 అక్టోబర్ 16న అలాస్కాలో ఒక చిన్న విమానం మాయమైంది. అందులో అమెరికా కాంగ్రెస్ సభ్యులు హేల్ బాగ్స్, నిక్ బెగిచ్ ఉన్నారు. 39 రోజులు వెతికారు. విమానం ముక్క కూడా దొరకలేదు. ఆ దశాబ్దంలోనే అమెరికాలో విమానాలకు ఎమర్జెన్సీ బీకన్లు తప్పనిసరి అయ్యాయి. అయితే అవి పలికే 121.5 మెగాహెర్ట్జ్ ఆవాజ్, దగ్గర్లో ఇంకో విమానం పోతుంటేనే వినపడేది. తక్షీఫ్ ఉన్నాడు కానీ వలాతా లేదన్నమాట.

ఆ లోటు తీర్చడానికి ఆస్మాన్ వైపు చూశారు. 1979లో అమెరికా, కెనడా, ఫ్రాన్స్, సోవియట్ యూనియన్ ఒక ఒప్పందానికి వచ్చాయి. దుష్మనీ ముదిరిన కోల్డ్ వార్ రోజులవి. అయినా ఇంసాన్ జాన్ దగ్గర చేతులు కలిపారు. అదే కోస్పాస్-సార్సాట్. మొదటి శాటిలైట్ 1982 జూన్‌లో సోవియట్ నేల నుంచి ఎగిరింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో కూలిన చిన్న విమానం సిగ్నల్‌ను పట్టింది. ముగ్గురు బతికారు.

పాత 121.5 సిగ్నల్‌కు పేరూ ఊరూ ఉండేవి కావు. అది ఎవరిదో, నిజమో కాదో తేలేది కాదు. అందుకే 2009 ఫిబ్రవరి 1 నుంచి శాటిలైట్లు దాన్ని వినడం మానేశాయి. ఇప్పుడు వాడేది 406 మెగాహెర్ట్జ్. ప్రతి బీకన్‌కూ సొంత కోడ్ ఉంటుంది. దాన్ని మన పేరు మీద, ఇంటి ఫోన్ నంబర్లతో రిజిస్టర్ చేయాలి. వలాతా దోస్తుకు రాసిన ఖత్ అదే. రిజిస్టర్ చేయకుండా జేబులో పెట్టుకుంటే, పిలుపు చేరుతుంది కానీ పిలిచింది ఎవరో తెలియక వఖ్త్ జాయా అవుతుంది.

బజార్లో నేడు రెండు రకాలున్నాయి. మొదటిది పీఎల్‌బీ, అంటే వ్యక్తిగత బీకన్. దీనికి నెలవారీ ఫీజు లేదు. బ్యాటరీ ఏళ్ల తరబడి నిద్రపోయి, మీట నొక్కాక కనీసం 24 గంటలు పలుకుతుంది. కానీ ప్రాణం మీదికి వస్తేనే నొక్కాలి, మాటలు పంపలేం. రెండోది ఇన్‌రీచ్, స్పాట్ లాంటి ట్రాకర్లు. వీటితో ఎక్కడున్నామో ఇంటికి చూపించవచ్చు, ఇన్‌రీచ్‌తో అయితే రెండువైపులా మెసేజ్‌లు నడుస్తాయి. "టైర్ పోయింది, ఖైరియత్‌గానే ఉన్నా, రేపొస్తా" అని అమ్మీకి చెప్పగలం. అయితే చందా కట్టాలి, చార్జింగ్ చూసుకోవాలి. ఒంటరిగా చాలా దూరం పోయేవాళ్లకు మొదటిది భరోసా, ఇంట్లోవాళ్ల ఫికర్ తగ్గించేది రెండోది.

ఈ ముచ్చట మనకెందుకంటే, మన నౌజవాన్లు ఎందరో గల్ఫ్‌లో టవర్ల పనికి, డ్రైవింగ్‌కు రేగిస్తాన్‌లోకి పోతారు. 2024 ఆగస్టులో సౌదీలోని రబ్ అల్ ఖాలీలో తెలంగాణ బిడ్డ ఒకడు, తోటి సూడానీ ఉద్యోగితో పాటు దారి తప్పి దాహంతో కన్నుమూశాడు. ఆ ఎడారి దాదాపు ఆరున్నర లక్షల చదరపు కిలోమీటర్లు. అక్కడ మొబైల్ బ్యాటరీ అయిపోయిందంటే నోరు మూసినట్టే. ఇలాంటి చోటికి కార్మికుణ్ని పంపే కంపెనీ బండిలో నీళ్లతో పాటు బీకన్ కూడా పెట్టాలి. అడగడం మన హఖ్.

ఒక హెచ్చరిక. ఇండియాలో టెలికాం శాఖ ఇజాజత్ లేకుండా శాటిలైట్ ఫోన్ ఉంచుకోవడం జుర్మ్. తురయా ఫోన్, ఇన్‌రీచ్ లాంటివి తెచ్చి ఎయిర్‌పోర్ట్‌లో పట్టుబడి కేసుల్లో ఇరుక్కున్నవాళ్లున్నారు. గల్ఫ్‌లో వాడినదాన్ని సెలవుకు వస్తూ సూట్‌కేస్‌లో వేసుకోకండి. సముద్రం మీద వేటకు పోయే మన మత్స్యకారుల కోసం ఇస్రో తయారుచేసిన డాట్ అనే యంత్రం వేరే ఉంది. దాని రెండో తరంలో, పిలుపు అందిందని పడవకు తిరిగి ఖబర్ కూడా వస్తుంది.

ఏ యంత్రం కొన్నా, బయల్దేరే ముందు ఒక కాగితం మీద రాస్తా, బండి నంబర్, తిరిగొచ్చే గంట రాసి ఇంట్లో ఇవ్వండి. ఆ గంట దాటితే ఎవరికి ఫోన్ చేయాలో కూడా అందులోనే రాయండి.