ఆబ్కారీ హక్కు చేతులు మారితే: ఫిఖ్హ్, చట్టం, చరిత్ర

నిజామాబాదు జిల్లా ఆర్మూరు పసుపుకు పేరుమోసిన ఊరు. అక్కడి పసుపు వ్యాపారి మరణిస్తే, గిడ్డంగిలోని సరకు, ఖాతాలోని బాకీలు వారసులకు చెందుతాయి. వారు కోరితే ఆ సరకును అమ్ముకోవచ్చు. ఇందుకు షరీఅత్‌లో గాని, దేశ చట్టంలో గాని అభ్యంతరం లేదు. మద్యపు టోకు వ్యాపారం సంగతి వేరు. దానిని అమ్మబోయినా, వారసులకు అప్పగించబోయినా రెండు ధర్మశాస్త్రాలూ అడ్డు వస్తాయి. అయితే వాటి కారణాలు ఒకటి కావు. ఆ తేడాను గ్రహించడం ముస్లిం వ్యాపారికి అవసరం.

ఫిఖ్హ్ దృష్టి

అల్ మాయిదా సూరా 90, 91 ఆయతులు మద్యాన్ని నిషేధించాయి. తాగేవానితో పాటు పిండేవాడు, మోసేవాడు, అమ్మేవాడు, కొనేవాడు, దాని వెల తినేవాడు కూడా శాపగ్రస్తులేనని హదీసు చెబుతున్నది. ఈ పునాదిపై హనఫీ ధర్మవేత్తలు ఒక సూత్రం ఏర్పరచారు. ముస్లిం విషయంలో మద్యం 'మాలె ముతఖవ్విమ్' కాదు, అనగా ధర్మశాస్త్రం విలువను గుర్తించిన ఆస్తి కాదు. కనుక ముస్లిం చేసే మద్యవిక్రయం చెల్లదు. ముస్లిమేతర పౌరుల (జిమ్మీల) విషయంలో మాత్రం అది విలువగల ఆస్తి. వారి మద్యాన్ని ధ్వంసం చేసిన ముస్లిం దాని విలువ చెల్లించవలసిందే. ఇమామ్ షాఫిఈ దీనితో ఏకీభవించలేదు.

అబూ హనీఫా 'ఖమ్ర్' అనే పదాన్ని పచ్చి ద్రాక్షరసం పులిసిన మద్యానికే పరిమితం చేశారు. ఆ లెక్కన కల్లు, ఇప్పసారా దానిలోకి రావు. కాని తరువాతి హనఫీ ముఫ్తీలు మత్తు కలిగించే ప్రతి పానీయమూ నిషిద్ధమేనన్న ఇమామ్ ముహమ్మద్ అభిప్రాయంపైనే ఫత్వా ఇచ్చారు.

మరి వారసత్వం? మర్గీనానీ (మరణం 1197) రచించిన 'హిదాయా'లో ఇందుకు సమాధానం ఉంది. అక్కడ ప్రశ్న, ముస్లిం తరఫున క్రైస్తవుడు మద్యం కొనవచ్చునా అని. అబూ హనీఫా ప్రకారం ఆ బేరం చెల్లుతుంది. ఒప్పందం చేసినవాడు క్రైస్తవుడు. ముస్లింకు యాజమాన్యం అతని చేత ప్రమేయం లేకుండా, వారసత్వంలో వచ్చినట్లే వస్తుంది. వచ్చిన మద్యాన్ని అతడు సిర్కాగా మార్చాలి. శిష్యులైన అబూ యూసుఫ్, ముహమ్మద్‌లు ఈ బేరాన్నే అంగీకరించలేదు. అయితే వారసత్వ యాజమాన్యం అమ్మే హక్కును ఇవ్వదన్నది ఈ చర్చకు ఆధారం. అనాథల వాటాకు వచ్చిన మద్యం గురించి అబూ తల్హా (రజి) అడిగినప్పుడు దైవప్రవక్త (స) దానిని పారబోయమన్నారు.

సంస్థానంలో హర్రాజు

ముస్లిం ప్రభుత్వాలు ముస్లిమేతరుల మద్య వ్యాపారం నుండి పన్ను తీసుకున్న మాట నిజమే. అధికారులు పన్ను కింద మద్యాన్నే తీసుకుంటున్నారని తెలిసి హజ్రత్ ఉమర్ (రజి) వారించారు. అమ్ముకోవడం వారికే వదలి, వచ్చిన వెలలో నుండి పన్ను తీసుకోమన్నారు. ఈ ఉదంతం అబూ ఉబైద్ 'కితాబుల్ అమ్వాల్'లో ఉంది.

హైదరాబాదు సంస్థానం ఇంకా ముందుకు పోయింది. అమ్మే హక్కునే హర్రాజు వేసి ముస్తాజిర్లకు ఇచ్చింది. 'ముస్తాజిర్' ఫిఖ్హ్ పదం. ఇజారాలో, అనగా కౌలు ఒప్పందంలో, ప్రతిఫలమిచ్చి ఉపయోగాన్ని పొందేవాడు. అతడు యజమాని కాడు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం ఒప్పందం చేసుకున్నవారిలో ఒకరు మరణిస్తే ఇజారా రద్దవుతుంది. 1316 ఫస్లీ (1906–07) నాటి హైదరాబాదు ఆబ్కారీ చట్టం ఈ రంగానికి ఆధారమై, 1968 ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టం వచ్చేవరకు తెలంగాణలో అమలులో నిలిచింది.

చట్టం దృష్టి

ఆధునిక చట్టంలోనూ లైసెన్సు వ్యక్తిగతమైనది. అధికారి అనుమతి లేనిదే అది చేతులు మారదు. ఒకరి పేర లైసెన్సు పొంది, దానిపై ఇతరులతో కలిసి నడిపే సారా, కల్లు భాగస్వామ్యం చెల్లదని 1950లో మద్రాసు హైకోర్టు పూర్తి ధర్మాసనం తేల్చింది. మద్యం వ్యాపారం ప్రాథమిక హక్కు కాదని, ప్రభుత్వం దానిని తన గుత్తాధిపత్యంగా ఉంచుకోవచ్చునని 1994లో ఖోడే డిస్టిలరీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1986లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ బెవరేజెస్ కార్పొరేషన్‌కు టోకు వ్యాపారం దక్కింది. 1993లో ఇందుకు ప్రత్యేక చట్టం వచ్చింది. 2014 తరువాత తెలంగాణలో ఆ స్థానం వేరొక ప్రభుత్వ కార్పొరేషన్‌ది. కనుక ఆర్మూరులో నేడు అమ్మడానికి ప్రైవేటు టోకు హక్కంటూ లేదు. జిల్లాలోని కొన్ని గ్రామాభివృద్ధి కమిటీలు మద్యం అమ్మే హక్కును వేలం వేస్తున్నట్లు పత్రికలు పలుమార్లు రాశాయి. తమది కానిదానిని అమ్మే ఈ హర్రాజును చట్టమూ, ఫిఖ్హూ గుర్తించవు.

1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. నిన్న సరకుగా ఉన్న సీసా నేడు నేరమైంది. 1997లో నిషేధం సడలగానే మళ్లీ సరకైంది. చట్టం తాను ఇచ్చిన విలువను తీసుకోగలదు, తిరిగి ఇవ్వనూగలదు. షరీఅత్ ముస్లిం విషయంలో తీసివేసిన విలువ మాత్రం ఏ ప్రభుత్వ ఉత్తర్వుతోనూ తిరిగి రాదు. ప్రభుత్వం 'హక్కు నాది' అంటుంది. షరీఅత్ 'ఇది నీకు ఆస్తే కాదు' అంటుంది.

ఈ భేదం అప్పు విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది. ముస్లిమేతరుడు మద్యం అమ్మిన డబ్బుతో ముస్లింకు బాకీ తీర్చితే తీసుకోవచ్చునని 'హిదాయా' చెబుతున్నది. ఎందుకంటే అతని విక్రయం చెల్లింది, వెల అతనిదే. ముస్లిం మద్యం అమ్మి ఆ డబ్బుతో తీర్చబోతే తీసుకోరాదు. ఆ విక్రయమే చెల్లలేదు కనుక డబ్బు ఇంకా కొన్నవానిదే. పసుపును అరువిచ్చిన వ్యాపారి తన చేతికి వచ్చిన సొమ్ము గురించి అడగవలసిన ప్రశ్న ఇదే: అది ఇచ్చినవానిదేనా?