పైరు నుంచి మనసుకు: లాటిన్ ఆనందవాచకాల పుట్టుక

లాటిన్‌లో సుఖసంతోషాలను చెప్పే మాటల గురించి రాసేవాళ్లు చాలామంది సిసిరో ‘టుస్కులన్ సంభాషణలు’ దగ్గరే ఆగిపోతారు. బుద్ధి అదుపులో ఉన్న ఆనందం గౌదియుమ్, అదుపు తప్పి గంతులేసేది లైతితియా అన్న ఆయన విభజనను ఒప్పజెప్పి ఊరుకుంటారు. అది స్టోయిక్ తత్వవేత్తల పరిభాష. రోమన్ రైతు నోట దాన్ని పెట్టడం అన్యాయం.

నా అసలు పేచీ ‘దె ఒరాతోరె’తో. క్రీ.పూ. 55 నాటి ఆ గ్రంథం మూడో భాగంలో సిసిరో తన సంభాషణలోని క్రాసుస్ అనే వక్త చేత ఒక మాట అనిపిస్తాడు: పల్లెటూరివాళ్లు కూడా పైరును ‘లైతుస్’ (సంతోషంగా ఉన్నది) అంటారు, అది రూపకం అని. అంటే సంతోషం ముందు, పైరు తర్వాత! ఊరి పొలిమేర దాటని పండితుడి చూపు ఇది. పొలానికి తోలే ఎరువు పేరు లాటిన్‌లో లైతామెన్. నేటి ఇటాలియన్‌లోనూ ‘లెతామె’ అంటే పశువుల ఎరువే. పెంటకు సంతోషమని ఏ రైతు పేరు పెడతాడు? పైరును ఏపుగా లేపేది కనుకనే ఆ పేరు. వర్జిల్ ‘జార్జిక్స్’ తొలి పంక్తిలోనే పైరుకు ఈ విశేషణం తగిలించాడు. దాన్ని కవి చమత్కారమని మెచ్చుకోవడం కన్నా రైతుల వాడుక అనుకోవడమే సబబు.

‘అదృష్టవంతుడు’, ‘సుఖి’ అని చెప్పుకునే ఫేలిక్స్ సంగతి మరీ స్పష్టం. దాని ధాతువుకు అర్థం పాలు కుడవడం, కుడపడం. ఫేమిన (స్త్రీ), ఫేకుందుస్ (సారవంతమైన) ఆ కుదుటివే; సంస్కృతం నుంచి మనకొచ్చిన ధేనువూ వాటి చుట్టమే. కాపున్న చెట్లను కేటో ఫేలిక్స్ అన్నాడని నిఘంటుకారుడు ఫెస్తుస్ నమోదు చేశాడు. ఎవరూ నాటనివీ, కాయనివీ అయిన చెట్లను ఇన్‌ఫేలిక్స్‌గా ఎంచేవారని ప్లినీ రాశాడు. చరిత్రకారుడు లివీ చెప్పిన హొరాతియుస్ విచారణలో ద్రోహికి పడే శిక్ష అలాంటి గొడ్డు చెట్టుకు ఉరి. ఈ మాటే తర్వాత అదృష్టానికి పాకింది: క్రీ.పూ. 82లో అంతర్యుద్ధం గెలిచాక రోమన్ సేనాని సుల్లా ఫేలిక్స్ బిరుదు ధరించాడు. నాణేలపై ఫేలికితాస్ దేవత చేతిలో ఫలాలు నిండిన కొమ్ము కనిపిస్తుంది. ‘నా పంట పండింది’ అనే తెలుగువాడికి ఈ దారి కొత్తేమీ కాదు.

లైతుస్ మూలం ఇంకా తేలలేదన్నదీ, గౌదియుమ్‌కు గ్రీకులో ఉన్న బంధువు కూడా సంతోషాన్నే చెబుతుందన్నదీ నిజమే. అయినా రోమన్ల సుఖభావన మొత్తం మట్టిలోంచే మొలిచిందనీ, బెయాతుస్ (ధన్యుడు) అన్న మాట చుట్టూ సెనెకా, అగస్టీన్ అల్లిన తత్వమంతా తర్వాత పూసిన పూతేననీ నా నిశ్చితాభిప్రాయం. ఇకపై లాటిన్-తెలుగు నిఘంటువు కూర్చేవారు ఫేలిక్స్ కింద మొదట ‘కాపు గల’ అని రాసి, ‘అదృష్టవంతుడు’, ‘సుఖి’ అన్న అర్థాలను ఆ తర్వాత ఇవ్వాలని మనవి.