పేదరాసి పెద్దమ్మయు అపరాధపరిశోధనమును

తెనుగున అపరాధపరిశోధక నవలకు విశేషవ్యాప్తి కలిగించినవారిలో కొమ్మూరి సాంబశివరావు (1926–1994) ముఖ్యుడు. ఆయన కృష్ణా డెల్టాలోని తెనాలియందు జన్మించెను. ఆయన కల్పించిన డిటెక్టివు యుగంధరును, సహాయకుడగు రాజును పాఠకులకు చిరపరిచితులు. యుగంధరునకు పరిశోధనము వృత్తి. వృత్తిగాక, కేవల లోకజ్ఞానముచేత నేరపు చిక్కును విడదీయు వృద్ధస్త్రీ మన కథలయందు కలదా యనునది విచారణీయము.

ఆంగ్లమున నట్టి పాత్రకు అగాథా క్రిస్టీ స్థిరరూపము నిచ్చెను. 1927లో నొక చిన్నకథయందు తొలుత కనుపించిన మిస్ మార్పుల్, 1930లో వెలువడిన ‘ది మర్డర్ ఎట్ ది వికరేజ్’ అను నవలయందు ప్రధానస్థానము పొందెను. సెయింట్ మేరీ మీడ్ అను పల్లెలో మతాచార్యుని చదువుగదియందు కల్నల్ ప్రోథరో హతుడగును. కథ చెప్పువాడు ఆ మతాచార్యుడే. అవివాహితయగు నీ వృద్ధ తోటపని నెపమున దారిన బోవువారిని కనిపెట్టుచుండును. ఇన్‌స్పెక్టరు స్లాక్ ఆమెను లెక్కసేయడు. ఎదుటివాని నడవడిని తానెరిగిన పల్లెవారి నడవడితో పోల్చిచూచుటయే ఆమె సాధనము.

ఈ సాధనము మనకు క్రొత్తది కాదు. జానపదకథలలో రాజకుమారుడు పరాయియూరు చేరి పేదరాసి పెద్దమ్మ యింట దిగును. కోటలోని గుట్టు ఆమె నోటనే వినును. డెల్టాపల్లెల కాలువరేవులలో అమ్మలక్కల ముచ్చట లాలించినవారికి ఈ యెరుక యెట్లు చేకూరునో వేరుగ చెప్పనక్కరలేదు.

అయినను తీర్పుఘట్టము వచ్చునప్పటికి ముసలమ్మ వెనుకకు జరుగును. మర్యాదరామన్న కథ యిందులకు నిదర్శనము. నలుగురు భాగస్థులు ఒక అవ్వయొద్ద సొమ్ము దాచి, నలుగురును కలిసి వచ్చిననే యిమ్మందురు. ఒకడు మాయచేసి సొమ్ము కొనిపోవును. తక్కినవారు అవ్వపై వ్యాజ్యెము వేయుదురు. నాలుగవవానిని గూడ తెచ్చినచో సొమ్ము చెల్లింతునని అవ్వచే చెప్పించి, రామన్న ఆమెను కాపాడును. షరతు విన్నది అవ్వ. దాని బలము గుర్తించినవాడు రామన్న.

జానపదకథను ఆధునికనవలతో పోల్చుట తగదని కొందరనవచ్చును. ఇది జన్యజనకసంబంధము చెప్పుట కాదు. సామ్యభేదములను చూపుట మాత్రమే. ఎరుక రెండుచోట్లను వృద్ధస్త్రీదే. క్రిస్టీ ఆ యెరుకకు నిర్ణయాధికారమును జోడించెను. మన కథ దానిని పురుషుని కప్పగించెను. అవ్వయే చిక్కు విప్పిన కథ యేదైన పల్లెలలో నిలిచియున్నచో, చెప్పువారుండగనే దానిని సేకరించుట పండితులకు కర్తవ్యము.